వేడి పోయే దారి

ఆ వేసవిలో మా ఇల్లంతా ఎండ మీదే బతికింది. చెప్పుకుంటే సిగ్గుచేటుగానీ, ఉన్న మాట. మా ఆయన ఏసీలు బిగిస్తాడు. చుట్టుపక్కల వాళ్ళు ఆయన్ని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసి 'చలువ మేస్త్రి' అనడం మొదలుపెట్టారు. అత్తయ్య కర్టెన్లు కుడుతుంది. ఎండ ముదిరేకొద్దీ జనానికి మందపాటి కర్టెన్లు కావాలి కాబట్టి ఆవిడకి మిషను మీంచి కాలు తీసే తీరిక ఉండేది కాదు. ఇక నేను కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుతాను. ఎండ ముదిరితే ఏసీలు పెరుగుతాయి, ఏసీలు పెరిగితే కరెంటు పోతుంది, కరెంటు పోతే జనం నన్ను తిడతారు. పొద్దున మా ఆయన బిగించి వచ్చినదానికి మధ్యాహ్నం నేను చీవాట్లు తినేదాన్ని. కాపురం అంటే కష్టసుఖాలు పంచుకోవడమే కదా.

ఫోనెత్తగానే ఏం చెప్పాలో మాకు ముందే నేర్పారు. "అసాధారణమైన ఎండల వల్ల సరఫరాకు అంతరాయం కలిగింది, దయచేసి సహకరించండి." ఆ మాట చెప్పీ చెప్పీ నాలుక మొద్దుబారింది. ఓరోజు ఉండబట్టలేక సూపర్‌వైజరుని అడిగాను.

"సార్, పోయినేడూ అసాధారణమే అన్నాం. అంతకు ముందేడూ అదే అన్నాం. ఏటా వచ్చే చుట్టాన్ని పట్టుకుని అనుకోకుండా వచ్చాడంటే ఎవరు నమ్ముతారండీ?"

"పైనుంచి వచ్చిన మాటమ్మా అది. మనం మార్చకూడదు" అన్నాడాయన, చెమట పట్టిన మెడని చేతిరుమాలుతో అద్దుకుంటూ.

పైనుంచి వచ్చేది ఎండైనా మాటైనా మార్చలేమన్నది ఆయన సిద్ధాంతం. ఇంతలో నా ఫోన్ మోగింది. అవతల ఎవరో పెద్దమనిషి. నేను నా పాఠం అప్పజెప్పాను. "సహకరించమంటావేంటమ్మా, ఇంకెలా సహకరించను? చొక్కా విప్పేశాను, ఇక మిగిలింది చర్మమే" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వితే ఉద్యోగం పోతుంది, అందుకని సహకరించినందుకు ధన్యవాదాలు చెప్పాను.

మేముండేది మూడంతస్తుల ఇంట్లో. మేం రెండో అంతస్తు, ప్లీడరు గారు పైన, కొత్తగా పెళ్ళైన దంపతులు మొదటి అంతస్తులో. అన్నిటికన్నా కింద అత్తయ్య. మెట్లెక్కలేనని, తన మిషను తన దగ్గరే ఉండాలని ఆవిడ పట్టు. ఆవిడకున్నది ఒక గది, చిన్న వంటిల్లు. ఆ గదికి ఒకటే కిటికీ, అదీ గాలి సందులోకి. గాలి సందంటే ఇంటి నడిమధ్యన నాలుగు గోడల మధ్య నూతిలా వదిలేసిన జాగా. కట్టినవాళ్ళు గాలి కోసమే కట్టారు పాపం. తర్వాత వాన పడుతోందని పైన రేకు వేశారు. ఆ తర్వాత ఇంటి ముందు గోడ అందం చెడకూడదని అందరూ కూర్చుని తీర్మానం చేసి, ఏసీల బయటి పెట్టెలన్నీ ఆ సందులోనే బిగించాలన్నారు. బిగించింది ఎవరని వేరే చెప్పాలా?

ఆవిడకీ ఓ ఏసీ పెడతానని మా ఆయన ఏటా బతిమాలేవాడు.

"ఊరందరికీ చలువ పంచేవాడి తల్లికి ఏసీ లేదా అని జనం నవ్వుతున్నారమ్మా."

"నవ్వనీరా. పళ్ళకైనా కాస్త గాలి తగులుతుంది" అనేది అత్తయ్య.

ఓ సాయంత్రం ఆవిడ గదిలోనే భోజనాలు చేస్తున్నాం. ఫ్యాను తిరుగుతోంది, కానీ పొయ్యి మీద గాలిని గరిటె పెట్టి కలిపినట్టుంది. అత్తయ్య కొంగుతో విసురుకుంటూ అడిగింది.

"ఏమే, అంత పెద్ద ఆఫీసులో పని చేస్తావు కదా. ఎందుకిలా కాలిపోతోందో అక్కడెవరూ చెప్పలేదా?"

చెప్పారు. చలికాలంలో మాకు శిక్షణ ఇవ్వడానికొచ్చిన ఇంజనీరు ఒకాయన బోర్డు మీద భూమి బొమ్మ వేసి ఓపిగ్గా చెప్పాడు. నేనూ ఆవిడకి అలాగే చెప్పాను.

"కరెంటు ఎలా పుడుతుంది అత్తయ్యా? చాలావరకు బొగ్గు కాలిస్తేనే. బళ్ళు నడవాలంటే పెట్రోలు కాలాలి. కాలినప్పుడల్లా కంటికి కనబడని వాయువొకటి పైకి పోతుంది. పోయి మాయమైపోయింది అనుకుంటాం. మాయం కాదు, భూమి చుట్టూ దుప్పటిలా పరుచుకుంటుంది. పగలు ఎండ లోపలికొస్తుంది. ఆ వేడి తిరిగి పోదామంటే దుప్పటి పూర్తిగా పోనివ్వదు. ఏటేటా ఆ దుప్పటి మందమవుతోంది. అందుకే ఎక్కడో మంచుకొండలు కరిగి సముద్రం పైకొస్తోంది. వాన పడాల్సినప్పుడు పడదు. పడిందంటే ఊరు మునిగేదాకా ఆగదు."

అత్తయ్య బట్టల మనిషి కదా, దుప్పటి అనగానే చెవులు రిక్కించింది.

"దుప్పటైతే తీసి దులపొచ్చుగా?"

"తీసేది కాదు. ఒకసారి కప్పితే వందల ఏళ్ళు ఉంటుందట. దాని మీద ఇంకోటి కప్పకుండా ఉండటమే మన చేతిలో ఉన్నది."

"కప్పుతున్నదెవరే మరి?"

నా చూపు మా ఆయన మీదికి పోయింది. కావాలని కాదు, ఎదురుగా కూర్చున్నాడు మరి.

"నన్నెందుకలా చూస్తావు?" అని ముద్ద చేతిలో పట్టుకునే గయ్‌మన్నాడు. "లోకంలో వేడి తగ్గించే పని ఎవడైనా చేస్తున్నాడంటే అది నేనే."

"మీరెక్కడ తగ్గిస్తున్నారండీ? గదిలోంచి తీసి సందులో పారబోస్తున్నారు. దానికి మళ్ళీ కరెంటు, ఆ కరెంటుకి మళ్ళీ బొగ్గు."

"సందులో పోస్తే ఏం? సందు బయటే కదా!"

"బయటంటే ఎవరిదండీ?"

"బయటంటే బయటే. ఎవరిదీ కాదు. అన్నం తిననిస్తావా, మీ ఇంజనీరుని పిలిపిస్తావా?"

అప్పుడే మొదటి అంతస్తు వాళ్ళ ఏసీ మొదలైనట్టుంది. కిటికీలోంచి ఒక్కసారిగా కొలిమి ముందు నిలబడ్డంత వేడి కొట్టింది. అత్తయ్య లేచి కిటికీ రెక్క మూసి, తను కుట్టిన కర్టెనే దాని మీదికి లాగింది. మా ఆయన కంచంలోకి చూస్తూ తినడం కానిచ్చాడు. నాకు వాళ్ళిద్దరినీ పట్టుకుని దులిపేయాలనిపించింది. తల్లేమో నోరు తెరిచి చెప్పదు, కొడుకేమో కళ్ళు తెరిచి చూడడు. నేను చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ తర్వాత ఎండ ఇంకా ముదిరింది. తారు రోడ్డు మీద చెప్పులు అతుక్కుపోయేవి. కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళు. పైకి వచ్చి మా ఇంట్లో ఉండమని అత్తయ్యని రోజూ పోరేదాన్ని. "ఈ పని ఒక్కటీ అయ్యాక వస్తాలే" అనేది. ఆ పని అయ్యేలోపు ఇంకొకరు గుడ్డ తెచ్చి పడేసేవారు. ఆఫీసులో ఒకళ్ళని సముదాయించేలోపు పదిమంది వరసలో ఉండేవాళ్ళు. మా ఆయనకైతే తిండికే తీరిక లేదు. అన్నం డబ్బా తీసుకెళ్ళింది తీసుకెళ్ళినట్టే తెచ్చేవాడు. ఎవరి గోల వాళ్ళది.

ఓ మధ్యాహ్నం పక్క సీటు అమ్మాయి నా భుజం తట్టింది.

"అక్కా, ఎవరో పెద్దావిడ. ఎంత చెప్పినా వినడం లేదు, మా కోడలికివ్వు అంటోంది. నీకేనేమో చూడు."

మా సొంత ఫోన్లు బయట బీరువాలో పెట్టి లోపలికి రావాలి. నేను దొరక్కపోయేసరికి అత్తయ్య ఫిర్యాదుల నంబరుకే చేసిందన్నమాట. చిరాకేసింది. వరసలో జనం ఎదురుచూస్తున్నారు, సూపర్‌వైజరు చూస్తున్నాడు.

"ఏంటత్తయ్యా, ఆఫీసు నంబరుకి చేశారు?"

"కరెంటు పోయిందే" అంది. గొంతు ఏదోలా ఉంది. నోట్లో గుడ్డ పెట్టుకుని మాట్లాడినట్టు.

నా ముందున్న తెర మీద మా వీధి చూశాను. కరెంటు ఉంది.

"పోలేదత్తయ్యా. ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"మరి పోయిందంటారేంటి?"

"చీకటిగా ఉంది కదే" అంది. "సూదిలోకి దారం వెళ్ళడం లేదు. మీ మామయ్యని దీపం తెమ్మన్నాను, రావడం లేదు."

మామయ్య పోయి ఎన్నో ఏళ్ళయింది.

"అత్తయ్యా, చెమట పడుతోందా మీకు?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకు తెలుసు. వడదెబ్బ లక్షణాలు మా ఆఫీసు గోడ మీదే అంటించి ఉన్నాయి, చెమట ఆగిపోవడం వాటిలో ఒకటి.

"లేదే, ఒళ్ళు పొడిగా ఉంది. బాగానే ఉంది" అంది. ఆ తర్వాత ఫోను దేనికో తగిలిన చప్పుడు. ఇక మాట లేదు.

నా చెయ్యి దానంతటదే మా ఆయన నంబరు నొక్కింది. ఆఫీసు ఫోన్లోంచి సొంత ఫోన్లు చేయకూడదని సూపర్‌వైజరు లేచి నిలబడ్డాడు. నా మొహం చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"ఎక్కడున్నారు?"

"ఇక్కడే, మన సందులోనే. మొదటి అంతస్తు వాళ్ళ పెట్టెకి గ్యాసు నింపుతున్నాను. ఏం?"

"అత్తయ్య గది మీ కాళ్ళ కిందే ఉంది. వెళ్ళండి."

నా గొంతులో ఏం విన్నాడో, ఎందుకని అడగలేదు. "అమ్మా" అని సందులోకి కేకేసినట్టు వినబడింది. గోడల మధ్య ఆ కేక తిరిగి తిరిగి వచ్చింది. జవాబు రాలేదు. తర్వాత నిచ్చెన చప్పుడు.

నేను వెళ్ళేసరికి ఆసుపత్రిలో ఆవిడ ఒంటి మీద తడి దుప్పట్లు కప్పి, చంకల్లో మంచు ముక్కల సంచులు పెట్టి, రెండు ఫ్యాన్లు తిప్పుతున్నారు. వార్డు నిండా అలాంటి మంచాలే. ఓ రోడ్డు పనివాడు, ఓ పాలబండి ఆయన, ఇంకెవరెవరో. నర్సు ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పరుగెడుతూనే నన్ను అడిగింది.

"ఎండలో తిరిగారా?"

"లేదండీ, ఇంట్లోనే ఉన్నారు."

"వంటింట్లోనా?"

"కాదు. పడగ్గదిలో. నీడలోనే."

"నీడలో ఉన్న గది ఇంత వేడెలా ఎక్కిందమ్మా?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

మా ఆయన బయట బల్ల మీద కూర్చున్నాడు. చేతులకి ఇంకా నూనె మరకలు, నడుముకి కట్టుకున్న తాడు కూడా విప్పలేదు. నేను పక్కన కూర్చున్నాను.

"ఆ పెట్టె దగ్గర నేను నిలబడలేకపోయాను. పని మధ్యలో రెండుసార్లు పైకెక్కి నీళ్ళు తాగొచ్చాను." తాడు ముడి విప్పుకుంటూ, "నేను పైకెక్కాను. అమ్మ అక్కడే ఉంది" అన్నాడు.

నేను చెప్పలేదా అనడానికి అంతకన్నా మంచి సమయం ఈ జన్మలో దొరకదు. నెలల తరబడి ఆ మాట నాలుక చివర పెట్టుకుని తిరిగినదాన్ని. తీరా ఆ సమయం వస్తే, లేచి వెళ్ళి ఆయనకి తాగడానికి నీళ్ళు తెచ్చాను.

అత్తయ్య బతికింది. కళ్ళు తెరిచి మనిషిని గుర్తుపట్టాక అన్న మొదటి మాట, "మిషను మీద గుడ్డ అలాగే ఉండిపోయింది, ఎవరైనా తీశారా?" ఇంటికొచ్చాక మాత్రం కుడిచెయ్యి కాస్త వణికేది. సూదిలో దారం నేనే ఎక్కించి ఇవ్వాల్సొచ్చేది. అది ఆవిడకి ఎండకన్నా పెద్ద అవమానం. నేను ఎక్కిస్తుంటే అటు తిరిగి కూర్చునేది.

ఆ వారంలోనే మా ఆయన మెట్ల దగ్గర అందర్నీ పిలిచి చెప్పాడు.

"సందులో పెట్టెలన్నీ డాబా మీదికి మారుస్తాను. పైన రేకు పీకేస్తాను."

ప్లీడరు గారు గొంతు సవరించుకున్నారు. "సందులోనే పెట్టాలని మనమంతా కలిసి తీర్మానించుకున్నాం కదయ్యా? నువ్వూ ఉన్నావుగా."

"ఉన్నానండీ. అందుకే నేనే మారుస్తానంటున్నాను."

"రేకు తీస్తే వానకి గోడలు నానుతాయి" అంది మొదటి అంతస్తు అమ్మాయి.

"వాన పడనీయమ్మా ముందు" అన్నాను నేను. ఓపిక హరించుకుపోయింది. "వానొస్తే నాలుగు గోడలూ నేనే తుడుస్తాను."

"ఇంత రాద్ధాంతం దేనికి?" ప్లీడరు గారు తీర్పు చెప్పే గొంతుతో అన్నారు. "మీ అమ్మగారికీ ఓ ఏసీ పెట్టేస్తే గొడవ తీరిపోతుంది కదా. చల్లగా పడుకుంటారు."

"పెడతానండీ. ఆవిడ పెట్టె ఎక్కడ బిగించమంటారు?"

"ఎక్కడేముంది, సందు..." అని ప్లీడరు గారు అక్కడే ఆగిపోయారు.

మొదటి అంతస్తు అబ్బాయి గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. అయినా ప్లీడరు గారు ఒప్పుకోలేదు. వాదనలో ఓడిపోతే వాయిదా అడగడం ఆయన వృత్తి. ఆలోచిద్దాం, చూద్దాం అన్నారు.

"సరేనండీ" అన్నాడు మా ఆయన. "ఇష్టం లేనివాళ్ళవి అక్కడే ఉంచుకోండి. పాడైతే మాత్రం నన్ను పిలవకండి. ఆ సందులోకి నేనిక దిగను."

ఎండాకాలం నడినెత్తిన ఉన్నప్పుడు చలువ మేస్త్రి అలిగితే ఏమవుతుందో ప్లీడరు గారికి రెండురోజుల్లోనే తెలిసొచ్చింది. ఆయన ఏసీ గుర్రుమని మూలిగి ఆగిపోయింది. వేరే మేస్త్రీలకి ఫోన్లు చేస్తే వచ్చేవారం అన్నారు. ఆ సాయంత్రం ఆయనే మా తలుపు తట్టారు, ఏసీ మాట ఎత్తకుండా అత్తయ్య ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. పెట్టెలన్నీ పైకెక్కాయి. మా ఆయనే ఒక్కొక్కటీ భుజాన వేసుకుని మోశాడు, రాగి గొట్టాలన్నీ కొత్తగా వంచి లాగాడు. రేకు పీకిన రోజు సందు అడుక్కి ఎన్నేళ్ళకో వెలుతురు దిగింది. అత్తయ్య కర్టెన్ పక్కకి జరిపి, కిటికీ తీసి, "మామూలు ఎండే" అంది. ఆవిడ నోట మెచ్చుకోలంటే అంతే.

ఆఫీసులో నేను 'అసాధారణమైన' అనే మాట వదిలేశాను. "ఎండల వల్ల కరెంటు పోయిందండీ. ఇవి ఏటా పెరిగేవే. ఇంట్లో పెద్దవాళ్ళుంటే చల్లని చోట కూర్చోబెట్టండి, నీళ్ళు పట్టించండి" అని చెప్పేదాన్ని. సూపర్‌వైజరు రెండుసార్లు పిలిచి మందలించాడు. మూడోసారి మానేశాడు. ఆయనింట్లోనూ పెద్దవాళ్ళున్నారట.

మా ఆయనా కాస్త మారాడు. ఏసీ కావాలని వచ్చినవాళ్ళని ముందు కిటికీలకి మందపు కర్టెన్లు వేయమని, డాబాకి తెల్ల సున్నం కొట్టమని, అప్పటికీ ఉడుకు తగ్గకపోతే రమ్మని పంపేసేవాడు. కొందరు వినేవాళ్ళు. ఎక్కువమంది ఇంకో మేస్త్రి దగ్గరికి పోయేవాళ్ళు. "ఊరు మారదు" అని నేను విసుక్కుంటే, "మనిల్లు మారింది కదా" అని నాకే సర్దిచెప్పేవాడు. మొన్నటిదాకా నేను చెప్పిన పాఠం నాకే అప్పజెబుతుంటే ఒళ్ళు మండేది.

ఓ ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య తినేశాక ఆవిడ గదిలో మేమిద్దరం అప్పుడే అన్నానికి కూర్చున్నాం. బనీను మీద తువ్వాలు వేసుకుని ఓ మనిషి గుమ్మంలోకి వచ్చాడు. మా డాబా పక్కనే ఇంకో ఇల్లుంది, దాని పై అంతస్తు ఆయన. ముఖం కందగడ్డలా ఉంది.

"చలువ మేస్త్రి నువ్వేనా? ఏమయ్యా, మీ డాబా మీద ఆ పెట్టెలేంటి? ఆ వేడంతా మా కిటికీలోకి కొడుతోంది. మీరు చల్లగా ఉండటానికి మేం ఉడికిపోవాలా?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇప్పుడు ఈ మనిషితో ఓ గంట గొడవ, డాబా మాదంటాం, కిటికీ తనదంటాడు, ప్లీడరు గారు పైనుంచి దిగివస్తారు, అన్నం చల్లారిపోతుంది. నడుం బిగించి లేవబోయాను.

మా ఆయన మాత్రం కోపం తెచ్చుకోలేదు. కంచం ముందునుంచి తలెత్తి ఆయన్ని ఒకే మాట అడిగాడు.

"ఆ కిటికీ ఉన్న గదిలో ఎవరుంటారండీ?"

పోట్లాటకి వచ్చిన మనిషి తడబడ్డాడు. తువ్వాలు సర్దుకున్నాడు.

"మా నాన్న. మంచం మీదే ఉంటారు. కదల్లేరు."

మా ఆయన చెయ్యి కడుక్కున్నాడు. పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని, "పదండి, చూద్దాం" అన్నాడు.

"తిని వెళ్ళొచ్చు కదండీ!" అని నేను అరిచేలోపు ఇద్దరూ గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళిపోయారు. కంచం మీద మూత పెట్టాను.

అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని వణికే చేత్తో తనంతట తనే సూదిలోకి దారం ఎక్కించడానికి చూస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"అన్నం ముందునుంచి లేచి ఎక్కడికే వాడు?"

"వేడిని ఎక్కడ పెట్టాలో చూడ్డానికత్తయ్యా."

"దొరికితే నాకూ చెప్పమను" అంది.